మంచు మీద జ్ఞానయోగం

చెత్తడబ్బా వీధిలో పెట్టి రమ్మంటే “ఈ చలిలోనా?” అనే మనిషిని, మంచులో స్కీయింగ్‌కి వెళ్దామని మా స్నేహితుడు శ్రీనివాస్ ఫోన్ చెయ్యగానే “తప్పకుండా” అనేశానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. ఇందులో వింతేముంది? చెత్తడబ్బా గురించి చదవడానికేమీ ఉండదు. స్కీయింగ్ గురించి బోలెడంత ఉంది. ఏ పనికైనా దిగేముందు దాని పూర్వాపరాలన్నీ తెలుసుకోవడం నా పద్ధతి. తెలుసుకున్నాక ఆ పని చెయ్యబుద్ధి కాదు, అది వేరే సంగతి.

మేం వెళ్ళింది యోసెమిటీ నేషనల్ పార్క్‌కి. అక్కడ బాడ్జర్ పాస్ దాటాక గ్లేసియర్ పాయింట్ రోడ్డుని చలికాలంలో కార్లకి మూసేస్తారు. మంచుని యంత్రంతో చదును చేసి, పక్కపక్కనే రెండు గాడులు తీస్తారు. వాటిలో స్కీలు పెట్టుకుని కొసదాకా వెళ్తే 10.5 మైళ్ళు. ఇది కొండమీంచి రయ్యిన జారే రకం కాదు. బూటు ముందు కొస మాత్రమే స్కీకి తగులుకుంటుంది, మడమ లేస్తూ ఉంటుంది. స్కీ మధ్యలో కాస్త పైకి వంగి ఉంటుంది. బరువంతా ఒక కాలి మీద వేస్తే ఆ వంపు మంచుకి ఆనుతుంది. దాని అడుగున ఉండే చేప పొలుసుల్లాంటి గరుకు, వెనక్కి జారకుండా పట్టుకుంటుంది. ఇదంతా వంటింట్లో అట్లకాడ తిప్పి మరీ వివరించాను.

“ఆ అట్లకాడ ఇలా ఇవ్వండి, దోసె మాడుతోంది,” అంది.

చలికాలంలో పార్కులో చెయిన్ల నిబంధన అమల్లో ఉన్న దారుల్లోకి ఏ కారు వెళ్ళినా టైర్ల చెయిన్లు వెంట ఉండాలి. అందుకని ఫ్రీమాంట్‌లో మా ఇంటి ముందు, పట్టపగలు, మంచి ఎండలో చెయిన్లు తొడిగే సాధన మొదలుపెట్టాను. పక్కింటి పెద్దాయన బయటికొచ్చి ఒకసారి ఆకాశం వంక, ఒకసారి నా వంక చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. తీరా ఘాట్ రోడ్డులో నిజంగా అవసరం పడ్డప్పుడు చెయిన్లు తొడిగింది మా ఆవిడే. ఎలా తొడగాలో చూపించే వీడియోని ఆవిడ మొహానికెదురుగా కదలకుండా పట్టుకున్నది మాత్రం నేను.

కారులో టామ్సన్ కథ చెప్పాను. నార్వే నుంచి వచ్చిన ఆ మహానుభావుడు 1856 నుంచి 20 ఏళ్ళపాటు ఇదే సియెర్రా కొండల్లో స్కీల మీద ఉత్తరాలు మోశాడు. ప్లాసర్‌విల్ నుంచి అవతల నెవాడాలోని జెనోవా దాకా 90 మైళ్ళు. పోవడానికి మూడు రోజులు, రావడానికి రెండు. అంత చాకిరీకీ జీతం సరిగ్గా ముట్టలేదట.

“ఆయనకి పెళ్ళయిందా?”

“అయింది.”

“పాపం ఆవిడ.”

స్కీలు తొడుక్కుని గాడిలో నిలబడ్డప్పుడు నేను బ్రహ్మాండంగా ఉన్నాను. కాసేపు ముందుకి కూడా వెళ్ళాను. అంతలో పల్లం వచ్చింది. కారులో వెళ్తుంటే అది పల్లమని ఎవరికీ అనిపించదు. స్కీల మీద ఉన్నవాడికి మాత్రం పాతాళానికి దారి. ఆగాలంటే స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి, వెనక భాగాలు ఎడంగా జరిపి, మోకాళ్ళు వంచి నొక్కాలి. కానీ గాడిలో ఉన్న స్కీ ఎడంగా ఎలా జరుగుతుంది? ముందు ఒక కాలు గాడిలోంచి బయటికి తియ్యాలి. ఈ సంగతి నేను చదివిందే. ఏ పేజీలో ఉందో కూడా గుర్తొచ్చింది. కాలు మాత్రం రాలేదు. ఇక ఆగలేమనుకున్నప్పుడు పక్కకి కూలబడమని తరవాతి పేజీలో ఉంది. అది అక్షరాలా పాటించాను.

వీపు మీది సంచిలో మూడు కుటుంబాల పులిహోర ఉంది. డబ్బా మూత ఊడింది.

“ముందు రెండు స్కీలూ ఒకే పక్కకి తెచ్చుకోండి. పల్లానికి అడ్డంగా పెట్టండి. కర్రలు వదిలెయ్యండి. ఇప్పుడు మోకాళ్ళ మీదికి రండి,” అంటోంది మా ఆవిడ, పైన నిలబడి.

“నీకెలా తెలుసు ఇవన్నీ?”

“రాత్రి మీరే కదండీ చెప్పారు, నిద్రపోనివ్వకుండా!”

చెప్పి, ఒక కాలు గాడిలోంచి సుతారంగా బయటపెట్టి, బ్రేకు వేసుకుంటూ నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ వినడం లేదనే అనుకున్నాను. నా చదువంతా ఆవిడ కాళ్ళకి వంటబట్టిందన్నమాట.

నాకు లేచాక కూడా పని తప్పలేదు. పార్కులో జంతువులకి మన తిండి అలవాటు చెయ్యకూడదు కనక మంచు మీద పడ్డ ప్రతి మెతుకూ ఏరాలి. తెల్లటి మంచు మీద పసుపు మెతుకు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. “అదిగో అక్కడొకటి అన్నయ్యగారూ,” అని శ్రీనివాస్ భార్య స్కీ కర్రతో చూపిస్తూనే ఉంది. ఏరినవి సంచిలోకి, డబ్బాలో మిగిలింది పొట్టల్లోకి. గడ్డకట్టిన పులిహోరలో వేరుశెనగపప్పులు ఒక్కటే రుచి చెడలేదు.

ఫొటోలో మాత్రం నేను బాగా వచ్చాను. చేతుల్లో కర్రలు, కళ్ళకి నల్లద్దాలు, వెనక దేవదారు చెట్లు. నడుం దగ్గర ఓ మూల కనిపించే చెయ్యి శ్రీనివాస్‌ది. పడకుండా పట్టుకున్నాడు. దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే విజయవాడ నుంచి మా అత్తగారి మెసేజ్ వచ్చింది: “చాలా బాగుంది బాబూ. మా అమ్మాయికి కూడా కాస్త నేర్పించండి.”

“తప్పకుండా అత్తయ్యగారూ, నేర్పిస్తున్నాను,” అని పంపాను.

ఆ జవాబు మా ఆవిడ చూసింది. అప్పట్నుంచీ నడుముకి అమృతాంజనం నేనే రాసుకుంటున్నాను. అసలు నొప్పి ఉన్న చోటికి చెయ్యి అందడం లేదు.