బోల్టు రావు

డాలస్ శివార్లలో ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో మీకు తెలుగు స్నేహితులుంటే బోల్టు రావు ఈపాటికి తగిలే ఉంటాడు. అసలు పేరు ఏదైనా కావచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గ్రీన్ కార్డు, పెరట్లో కరివేపాకు మొక్క, ఫోన్ నిండా తుపాకుల ఫొటోలు. జింకల వేటకి వెళ్లాలని అతని కోరిక. దానికో రైఫిల్ కావాలి. ఏ రైఫిల్ అన్న దగ్గరే బండి ఆగింది. సీజన్లు వస్తున్నాయి, పోతున్నాయి.

చదువులో లోటు లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తరవాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే శిక్షణ కోర్సు పాసవ్వాలి. తొమ్మిదేళ్ల పిల్లలు కూడా గట్టెక్కే ఆ పరీక్షకి రావు ఎంసెట్‌కి చదివినట్టు చదివాడు. నూటికి నూరు వచ్చాయి. సర్టిఫికెట్‌కి లామినేషన్ కూడా చేయించాడు.

కావలసింది బోల్ట్ యాక్షన్ అని మాత్రం మొదటి రోజే తేల్చేశాడు. పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించితే తూటా ఎక్కుతుంది. ఇందులో మనకి కొత్తేమీ లేదు. ఒకప్పుడు మన పోలీసుల భుజాన వేలాడిన త్రీనాట్‌త్రీ కూడా బోల్ట్ యాక్షనే. కాకపోతే దాన్ని కానిస్టేబుల్ ఎంచుకోలేదు. ఇచ్చారు, పుచ్చుకున్నాడు.

రావుకి ఎవరూ ఇవ్వరు కాబట్టి ఎక్సెల్ ఫైలు తెరిచాడు. వించెస్టర్ మోడల్ 70 పుట్టింది 1936లో, రెమింగ్టన్ 700 పుట్టింది 1962లో. రెండింటి ఎదురుగానూ ‘పాతది’ అని రాసుకున్నాడు. 2012లో వచ్చిన రూగర్ అమెరికన్ చవక, గురి బాగుంటుంది. ‘మరీ చవక’ అని రాసుకున్నాడు. ఫిన్లాండ్ వాళ్ల టిక్కా టీ3ఎక్స్ దగ్గర మనసు కాస్త ఆగింది గానీ, దాని బోల్టు పిడిని 70 డిగ్రీలు ఎత్తాలట. బ్రౌనింగ్ ఎక్స్‌-బోల్ట్‌కి 60 చాలట.

“ఆ పది డిగ్రీలు మిగిల్చి ఏం చేస్తావోయ్?” అని అడిగాను.

“రెండో తూటాకి టైమ్ కలిసొస్తుంది గురూగారూ.”

మొదటి తూటా ఇంకా కొనలేదు.

తూటా మాట ఎత్తారంటే ఆ పూటకి భోజనం ఆలస్యమే. 1906 నాటి .30-06కి, 1925 నాటి .270కి, 1952 నాటి .308కి, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్‌కి ఉన్న తేడాలు పప్పు వడ్డించినప్పుడు మొదలై పెరుగన్నం దాకా సాగుతాయి. ఎనిమిది వందల గజాల దగ్గర గాలికి ఏది ఎన్ని అంగుళాలు పక్కకి జరుగుతుందో నోటికొచ్చు. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుది. వేటగాళ్లు కౌలు కట్టి, మంచె వేసుకుని, ఎదురుగా మొక్కజొన్నలు చల్లే యంత్రం పెట్టి కూర్చుంటారు. మంచె నుంచి ఆ మొక్కజొన్నల దాకా తరచు వంద గజాలే.

ఓసారి తుపాకుల దుకాణంలో ఒక రైఫిల్ చేతికి తీసుకుంటే, అక్కడి ముసలాయన ఒకే ప్రశ్న అడిగాడు: “ఏం కొడతావు?”

“ప్రస్తుతానికి జింక. ముందుముందు కొలరాడోలో ఎల్క్. ఆపైన అలాస్కా...”

ముసలాయన రైఫిల్‌ని మెల్లగా రావు చేతిలోంచి తీసుకుని గోడకి తగిలించి, కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు.

అలాస్కా బెంగతోనే ఒక స్నేహితుడి .300 వించెస్టర్ మాగ్నమ్‌ని రేంజిలో అరువడిగాడు. అది గట్టిగా తంతుందని కోర్సులో చెప్పే ఉంటారు. అయినా స్కోపులో బొమ్మ నిండుగా కనబడాలని మెడ సాచి, కన్ను దగ్గరికి చేర్చి ట్రిగ్గర్ నొక్కాడు. స్కోపు వెనక్కొచ్చి కనుబొమ మీద అర్ధచంద్రం గీసింది. ఆదివారం గుడిలో అందరికీ కిచెన్ కప్‌బోర్డ్ తగిలిందని చెప్పాడు. గాయం మానింది గానీ బెదురు మానలేదు. ఇప్పుడు చిన్న తుపాకీ ఇచ్చినా పేలకముందే కళ్లు మూసుకుంటాడు. కొత్తవాళ్లని పెద్ద తూటా పాడుచేసేది ఇలాగే. పాఠం నేర్చుకున్నాడా అంటే, ఎక్సెల్‌లో ‘కన్నుకీ స్కోపుకీ దూరం’ అని ఇంకో గడి చేర్చాడు.

ఇంట్లో ఆవిడ మాత్రం నిశ్చింతగా ఉంది.

“ఏమండీ, సీజన్ ఎప్పుడు మొదలు?”

“నవంబర్ మొదటి శనివారం.”

“శనివారం మనం ముట్టం కదా. పైగా కార్తీకం.”

“జనవరి దాకా ఉంటుందిలే.”

“ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటానన్నారుగా.”

రావు మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోయాడు.

మీలో ఎవరికైనా నిజంగా ఈ సరదా ఉంటే నా మాట వినండి. .308 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ, ఏ మామూలు కంపెనీదైనా సరే, భుజానికి ఎత్తగానే కన్ను తనంతట తానే స్కోపు వెనక కుదిరేది తీసుకోండి. స్కోపు మూడు నుంచి తొమ్మిది రెట్లు చూపించేది చాలు. మిగిలిన డబ్బుతో తూటాలు కొని, రేంజికెళ్లి కళ్లు తెరిచి కాల్చండి. టెక్సస్ జింకకి అంతకు మించి అక్కర్లేదు. రావు మీకో లింకు పంపిస్తాడు. ఆ ఎక్సెల్ ఫైలు మాత్రం తెరవకండి.