పంటి బిగువు

మా ఇంట్లో బియ్యం ఏరడం మానేసి చాలా ఏళ్ళయింది. అలాంటిది ఈమధ్య మా అత్తయ్య కళ్ళజోడు తగిలించుకుని చేట ముందేసుకు కూర్చున్నారు. కారణం నేనే. ముద్ద నోట్లో పెట్టుకోగానే కుడి చెవి ముందు ‘టక్’మనేది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకూ వినబడేది. “రాయి తగిలిందా?” అని మావారు. “నేనుండగా ఈ ఇంటి అన్నంలో రాయా?” అని ఆవిడ.

రాయి దొరకలేదు. నొప్పి మాత్రం తగులుకుంది. చెవిలో పోటు, కణత దాకా లాగుడు, పొద్దున లేస్తే నోరు రెండు వేళ్ళ మేరకు మించి తెరుచుకోదు. మామూలుగా మూడు వేళ్ళు నిలువుగా పట్టాలట. చెవి డాక్టరు లైటు వేసి చూసి “చెవి భేషుగ్గా ఉంది, పళ్ళ డాక్టరుకు చూపించండి” అన్నాడు. చెవిపోటుకు పళ్ళ డాక్టరేమిటని మావారు గొణిగారు గానీ, ఈ గొడవ పాతదే. అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి డాక్టరు, చెవి బాధలు కొన్నిటికి మూలం దవడ కీలులో ఉందని 1934లోనే రాశాడు. వెనక పళ్ళు ఊడిపోవడమే కారణమని ఆయన తేల్చింది తర్వాత నిలబడలేదనుకోండి.

పళ్ళ డాక్టరమ్మ నా చెవుల ముందు వేళ్ళు ఆనించి నోరు తెరిచి మూయమంది. మీరూ ఆనించి చూడండి, ఓ గుండ్రటి ఎముక ముందుకు జారి వెనక్కి పోతుంది. దానికీ పుర్రెకూ మధ్య చిన్న బిళ్ళ ఉంటుంది. అది పక్కకు తప్పుకుని, నోరు తెరిచినప్పుడు మళ్ళీ చోటికొస్తే ‘టక్’. నొప్పి లేని టక్కుకు సాధారణంగా వైద్యమే అక్కర్లేదట. నా నొప్పికి బిళ్ళ కన్నా బుగ్గ కండరాలే కారణమని నొక్కి మరీ చూపించింది. కెవ్వుమన్నాను.

“రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా?” అంది.

నేను లేదనేలోపే మావారు “పిండి మర ఆడినట్టుంటుంది డాక్టరుగారూ” అన్నారు. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారీ అనని మాట!

“మరి పగలు?”

పగలెందుకు కొరకను? నేను బడి పంతులమ్మని. పదో తరగతి పేపర్లు దిద్దేది నేను, పై అధికారి వాట్సాప్ ఆజ్ఞలు చదివేది నేను, ఇంటికొచ్చాక మా ఆడపడుచు సలహాలు వినేదీ నేనే. అన్నీ పంటి బిగువున భరించాను. బిల్లు దవడకొచ్చింది.

చీటీలో పెద్ద మందులేం లేవు. కొన్నాళ్ళు మెత్తటి తిండి, వేడి కాపడం, నాలుగు రోజులు నొప్పి మాత్రలు, ఆవులింతొస్తే గడ్డం కింద పిడికిలి ఆనించడం. ఎక్కువమందికి వీటితోనే తగ్గుతుందట, ఆపరేషన్ చిట్టచివరి మాట. కాపడం అనగానే, మొదటి రోజే ఉప్పు మూట పట్టుకొచ్చిన అత్తయ్య నావైపు చూసిన చూపుకు ఫీజు ఇవ్వాల్సింది. చూయింగ్ గమ్ నమిలితే కీలు వదులవుతుందన్న పక్కింటావిడ సలహాకు మాత్రం డాక్టరమ్మ దండం పెట్టేసింది. మా చెల్లెలు పంపిన సకినాలు టీలో నానబెట్టి తిన్నాను. అది తినడం కాదు, అంత్యక్రియలు.

అసలు మందు వేరే ఉంది. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పన్నుకూ కింది పన్నుకూ పని లేదు. వినడానికెంత సులువో! బస్సులో చిల్లర దగ్గర కండక్టరుతో మాటామాటా పెరిగినప్పుడు ఆచరించి చూడండి.

రాత్రికి అచ్చు తీసి ప్లాస్టిక్ తొడుగు చేసిచ్చారు. కొరకడాన్ని అది ఆపదు, పళ్ళు అరగకుండా కాపాడుతుందంతే. దాన్ని డబ్బాలో చూసిన మా ఆడపడుచు “వదినకప్పుడే కట్టుడు పళ్ళు” అని ఫోనులో బంధువులందరికీ చెబుతుంటే విన్నాను. పళ్ళు విడిగా ఉంచే విన్నాను. అది నా ఘనత.

నవ్వులాట కాని మాట ఒకటి. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు ఉంటే ఇది చదవడం ఆపి 108కి ఫోను చేయండి, అది గుండె కావచ్చు. ఆవులించిన నోరు మూతపడకపోతే ఇంట్లోవాళ్ళ చేత గుద్దించుకోకండి, డాక్టరు బొటనవేళ్ళతో అదిమి చోట పెడతారు. మిగతావాళ్ళు మీ పళ్ళు ఇప్పుడెలా ఉన్నాయో చూసుకోండి. బిగిసి ఉంటే వదిలేయండి.