మాఘమాసంలో తెరుచుకునే బ్లాక్ లిస్టు

ఫోనులో మనిషిని బ్లాక్ చేయడానికి కోపం వస్తే చాలు. అన్‌బ్లాక్ చేయాలంటే మాత్రం అవసరం పడాలి. తెలుగు ఇళ్లలో ఆ అవసరం ఎప్పుడు పడుతుందో పంచాంగమే చెబుతుంది. మాఘంలోనో శ్రావణంలోనో ముహూర్తం కుదరగానే శుభలేఖలు ఎవరెవరికి పంపాలో జాబితా రాస్తారు. మూడో పేరు దగ్గర పెళ్లికొడుకు గుటకలు మింగుతాడు. అది పెదనాన్నగారి పేరు.

ఆయన రోజూ తెల్లవారుజామున ఐదింటికి గులాబీ పువ్వుతో శుభోదయం, ఆరింటికి మెంతులతో షుగరు మాయమయ్యే వీడియో, ఏడింటికి 'పదిమందికి పంపండి' అనే హెచ్చరిక పంపేవారు. ఏడింటి హెచ్చరిక దగ్గర అబ్బాయి సహనం చచ్చింది. బ్లాక్ కొట్టేశాడు.

"మీ పెదనాన్నగారికి కార్డు పెట్టావురా?" అని తల్లి అడుగుతుంది.

"పెడుతున్నానమ్మా."

పెట్టబోతే, ముందు అన్‌బ్లాక్ చేయమంటుంది వాట్సాప్. అటూ ఇటూ చూసి నొక్కుతాడు. చాట్ మధ్యలో 'ఈ కాంటాక్టును అన్‌బ్లాక్ చేశారు' అని చిన్న అక్షరాలు పడగానే గుండె ఝల్లుమంటుంది. నిజానికి భయం లేదు. ఆ వాక్యం అతనికొక్కడికే కనిపిస్తుంది. బ్లాక్ చేసినా, తీసేసినా అవతలివారికి యాప్ కబురు పెట్టదు.

పెదనాన్నలకు కబురు అక్కర్లేదు. పంపిన ప్రతిదానికీ ఒకటే బూడిదరంగు టిక్కు, ఎప్పుడు చూసినా ఆన్‌లైన్ లేదు, లాస్ట్ సీన్ లేదు. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మనిషికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? "ఫోను పాడైంది పెదనాన్నా, నంబర్లన్నీ పోయాయి" అనే పాత అబద్ధం కూడా నిలబడదు. వ్యక్తిగతంగా బ్లాక్ చేసినా, ఇద్దరూ ఉన్న గ్రూపులో ఒకరి మెసేజ్‌లు ఒకరికి కనిపిస్తూనే ఉంటాయి. కుటుంబం గ్రూపులో అబ్బాయి చిన్నత్తకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడం, దానికి పెదనాన్న బొటనవేలు ఎత్తడం అందరూ చూసిందే.

అసలు నష్టం వేరే ఉంది. ఫోను ఆపేసి ఉంటే వచ్చిన మెసేజ్‌ను వాట్సాప్ 30 రోజుల దాకా దాచి, ఆన్ చేయగానే అందిస్తుంది. బ్లాక్‌లో ఉండగా పంపినవి మాత్రం అన్‌బ్లాక్ చేసినా రావు. మెంతులు పోయినందుకు బెంగ లేదు. కానీ ఆ గులాబీల మధ్యే మనవరాలి బారసాల పిలుపూ పోయింది. "పిలిచాం, రాలేదు" అనే పద్దు పెద్దమ్మ ఎప్పుడో రాసేసుకుంది.

సరే, ఫోన్ చేసి బతిమాలుకుందామనుకుంటే, ఆయన తిరిగి చేసే కాల్ మోగదు. ఫోన్ యాప్‌కు దాని జాబితా దానికుంది. ఆండ్రాయిడ్‌లో అయితే యాప్ మూలనున్న మూడు చుక్కలు, సెట్టింగ్స్, బ్లాక్డ్ నంబర్స్ దాకా వెళ్లాలి. ట్రూకాలర్‌కు ఇంకో జాబితా. ఒకచోట క్షమిస్తే ఇంకోచోట చెల్లదు.

ఆ జాబితా తెరిస్తే ఇల్లు సర్దినట్టే, ఎప్పుడో పోయినవన్నీ బయటపడతాయి. షాద్‌నగర్ ఓపెన్ ప్లాట్లు, పర్సనల్ లోన్లు, వాటి నడుమ పేరులేని ఒక నంబరు. విషయమేమిటని చూస్తే గ్యాస్ సిలిండర్ తెచ్చే కుర్రాడిది. పోయిన నెలంతా ఇంట్లో ఇండక్షన్ స్టవ్ మీద ఎందుకు వండారో అప్పుడు తెలుస్తుంది.

టెలిగ్రామ్ తీరు మరీ చోద్యం. బ్లాక్ అయినవారికి అది ఎప్పుడూ 'చాలాకాలం క్రితం కనిపించారు' అనే చూపిస్తుంది. అబ్బాయి అదే నిమిషంలో అందులో క్రికెట్ స్కోరు చూస్తున్నా సరే. ఆ మాట చదివిన మేనత్త హడలిపోయి తల్లికి ఫోన్ చేస్తుంది: "వదినా, పిల్లాడు కులాసానేనా?"

చివరగా ఫేస్‌బుక్. అక్కడ బ్లాక్ చేస్తే స్నేహం కూడా తెగిపోతుంది. తీసేశాక మళ్లీ ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపుకోవాలి. పైగా ఒకసారి అన్‌బ్లాక్ చేసినవారిని 48 గంటల దాకా మళ్లీ బ్లాక్ చేయనివ్వదు. పెళ్లికొడుకు రిక్వెస్ట్ పంపాడు. నిమిషంలో పెదనాన్న ఒప్పుకున్నారు. రెండో నిమిషంలో నిశ్చితార్థం ఫొటో కింద, "మావాడు తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పినా మంచి సంబంధమే కుదిరింది" అని ఆశీర్వదించి, ఆడపెళ్లివారందరినీ ట్యాగ్ చేశారు. కాబోయే మామగారు లైక్ కొట్టారు.

ఇంకా 47 గంటల 58 నిమిషాలున్నాయి.