ఓరుగల్లు ప్రింటరు పద్యం: టీకా తాత్పర్యాలు

ఆ. దూరమందునుండి వారధిఁ గట్టియు
వరుస పేరు పెట్టి పత్ర మంపె;
ఓరుగల్లునందు నూరకే యుండగాఁ
గాగితమ్ము రాదు, కతముఁ గనుఁడు.

అవతారిక: ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు అలంకారశాస్త్రం రాస్తే, దానికి 'రత్నాపణం' అనే వ్యాఖ్య రాసినవాడు సాక్షాత్తు మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి. ఓరుగల్లు గ్రంథాలకు వ్యాఖ్య చెప్పాలంటే అంతటి వంశం ఉండాలి. మనకు లేదు. ప్రింటర్లతో వేగిన అనుభవం ఉంది. ఈ పద్యానికి అదే చాలు. హైదరాబాదు ప్రధాన కార్యాలయంలో కూర్చున్న సిస్టమ్ అడ్మిన్ ఒకడు హన్మకొండ శాఖలోని ప్రింటరుకు క్యూ పెట్టిన సందర్భం ఇది. రసం కరుణం. హాస్యమని వాదించేవారు ఆ పూట బిల్లు ప్రింటు కోసం కౌంటరు దగ్గర నిలబడ్డవారు కారు.

దూరమందునుండి = సుమారు 145 కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాదు నుండి. 'పై అంతస్తు నుండి' అని చెప్పుకున్నా అన్వయం చెడదు. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్‌ను ఏడిపించిన జిరాక్స్ ప్రింటరు ఉన్నది వేరే అంతస్తులోనే. కాగితం ఇరుక్కుంటే అది ఎవరికీ చెప్పేది కాదు. చెప్పేలా దిద్దుకుందామంటే సోర్స్ కోడ్ ఇచ్చే నాథుడు లేడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ పురాణంలో మొదటి కథ అదే.

వారధిఁ గట్టియు = వీపీఎన్ కలిపి. వ్యాఖ్యాతలు ఇక్కడ ఆగరు, ఆగాలి. 192.168తో మొదలయ్యే చిరునామాలు ఎవరి ఇంట్లో వారు వాడుకోండని 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 వదిలేసిన వాటిలోవి. హైదరాబాదులోనూ హన్మకొండలోనూ అదే 192.168.1 ఉందనుకోండి, పంపిన పత్రం వారధి ఎక్కదు. అడ్మిన్ పక్క గదిలోనే ప్రింటరును వెతుక్కుంటుంది. మన అడ్మిన్ ఈ గండం దాటాడనే 'గట్టియు' అనే మాటకు బలం.

వరుస పేరు పెట్టి = క్యూను సృష్టించి. ప్రింటరు వేరు, క్యూ వేరు. మొదటిది బల్ల మీద ఉంటుంది, రెండోది సర్వరు మనసులో ఉంటుంది. మైకెల్ స్వీట్ 1999లో విడుదల చేసిన కప్స్ అనే వ్యవస్థలో దీనికి 'ఎల్‌పీఅడ్మిన్' అనే ఆజ్ఞ ఉంది. చిన్న 'పి' తరువాత క్యూ పేరు, 'వి' తరువాత ప్రింటరు చిరునామా. పేరు మధ్య ఖాళీ పనికిరాదు. 'హన్మకొండ శాఖ' అన్నది సమాసమై తీరాలి. ఇక పెద్ద 'ఈ' ఉంది, వ్యాఖ్యాతలకు పండగ. అది పేరుకు తరువాత వస్తే క్యూ తెరుచుకుని పని మొదలుపెడుతుంది. పేరుకు ముందు వస్తే సర్వరుతో మాటలన్నీ రహస్యలిపిలో సాగాలని అర్థం. ఒకే అక్షరం, స్థానాన్ని బట్టి ఒకచోట ప్రాణప్రతిష్ఠ, ఇంకొకచోట గోప్యం. ఈ భేదం తెలియక క్యూను పుట్టించి నిద్రలోనే ఉంచేసినవారు ఎందరో.

పత్ర మంపె = పరీక్షపుట పంపెను. ఏ ద్వారాన? 631 అయితే ఐపీపీ. ట్రే ఖాళీయా, మూత తెరిచి ఉందా అని అడిగితే ప్రింటరు బదులిస్తుంది. 9100 అయితే బైట్లు కుమ్మరించి రావడమే. అడ్మిన్ 9100 ఎంచుకున్నాడు, సులువని. చిన్న పత్రాన్ని ప్రింటరు తన జ్ఞాపకంలోకి పుచ్చుకుని తలుపు మూయగానే, క్యూ 'పూర్తయింది' అని రాసుకుంటుంది. హైదరాబాదు తెర మీద కనిపించింది ఆ మాటే.

ఊరకే యుండగా = ఎవరు? కర్త లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ప్రింటరని కొందరు. ప్రింటరు పక్కన కుర్చీలో ఉన్న ఆపరేటరని అడ్మిన్. ఫోను ఎత్తని అడ్మినేనని ఆపరేటరు. ఈ వివాదం మీద ఆ శాఖలో ఇంతవరకు ఏకాభిప్రాయం లేదు.

కాగితమ్ము రాదు, కతముఁ గనుఁడు. పూర్వపక్షం: కరెంటు పోయి వచ్చింది, రూటరు ప్రింటరుకు కొత్త చిరునామా ఇచ్చింది, క్యూ ఇంకా పాత గుమ్మంలోనే నిలబడి ఉంది, రూటరులో చిరునామా ఖాయం చేయిస్తే పోతుంది. మంచి వాదమే, నూటికి తొంభై చోట్ల నిలిచేదే. కానీ చిరునామా తప్పితే తెర మీద 'పూర్తయింది' ఎలా వస్తుంది? వాదం వీగింది.

అప్పుడు ఫోనులో ఆపరేటరు వాక్యమే ప్రమాణం: "కాయితమైతె నిండ ఉన్నది సార్, ఎర్ర లైటైతె పోతలేదు. లోడ్ లెటర్ అంటాంది."

సిద్ధాంతం: ట్రేలో ఉన్నది ఏ4, అంటే 210 × 297 మిల్లీమీటర్లు. క్యూ పుట్టినప్పుడు ఎవరూ దిద్దని పుట సైజు లెటర్, 216 × 279. అమెరికా వాడే కొలత. కాగితపు కట్ట కడుపులో పెట్టుకుని, హన్మకొండలో ఏ దుకాణమూ అమ్మని కాగితం కోసం ఆ యంత్రం మర్యాదగా ఎదురుచూస్తోంది. హైదరాబాదు నుండి క్యూలో 'ఏ4' అని ఒక మాట మారిస్తే తరువాతి పత్రాలకు సరిపోతుంది. ముందే లోపలికి వెళ్ళినవాటికి మాత్రం ఎవరైనా లేచి బొత్తాం నొక్కాలి.

తాత్పర్యం: పంపినవాడు పంపానన్నాడు, పుచ్చుకున్నది పుచ్చుకున్నానన్నది, ఇద్దరూ అబద్ధమాడలేదు.

పాఠాంతరం: కాజీపేట ప్రతిలో నాలుగో పాదం 'గాగితాలు వచ్చెఁ గట్టలగుచు' అని ఉంది. గణాలూ యతీ రెండూ కుదిరాయి. మొదటి ప్రింటు రాలేదని కౌంటరులో ప్రతివారూ మళ్ళీమళ్ళీ ప్రింట్ నొక్కారు. కొన్ని యంత్రంలో, తక్కినవి క్యూలో పోగయ్యాయి. ఎవరో పచ్చ బొత్తాం నొక్కగానే అన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఇది ప్రక్షిప్తమని హైదరాబాదు వారి మతం. అకౌంట్సు విభాగం మాత్రం ఇదే కవి రాసిన పాఠమని పట్టుబట్టి, తాళపత్రానికి బదులు ఆ నెల కాగితపు రీముల రసీదు చూపిస్తోంది.