ఐదు నక్షత్రాల సంతృప్తి

"ఐటీ ఖర్చుతో మా విభాగాలన్నీ సంతృప్తిగా ఉన్నాయి" అని బోర్డు ముందు స్లైడు తిప్పే సీఐఓ గారిని ఒక్క మాట అడగాలి: ఎవరిని అడిగి చెబుతున్నారండీ?

అడిగింది విభాగాల పెద్దల్ని. సాఫ్ట్‌వేర్ కొనే ఫైలు మీద సంతకాలు పెట్టిందీ వాళ్లే. గోడౌన్‌లో సరుకు దించుకునే గుమాస్తాను ఎవరూ కదపలేదు. ఆయన కొత్త సిస్టమ్‌లో ఎంట్రీ కొట్టి, నమ్మకం చాలక అదే లెక్క మళ్లీ ఎక్సెల్‌లో రాసుకుంటున్నాడు. ఆ ఎక్సెల్‌కు బడ్జెట్ లేదు కాబట్టి ఏ స్లైడులోనూ చోటు లేదు.

ఇక హెల్ప్‌డెస్క్. ప్రింటరు మొరాయిస్తూనే ఉంటుంది, టికెట్ మాత్రం 'రిజాల్వ్డ్'. మెయిలు అడుగున నక్షత్రాలు, ఆ వెనకే కుర్రాడి ఫోను: "సార్, ఐదు కొట్టండి సార్, అప్రైజల్ ఉంది." పాపమని కొడతాం. మన జాలి మూడు నెలలు తిరిగేసరికి గ్రాఫై, వచ్చే ఏడు బడ్జెట్‌కు సిఫారసు లేఖ అవుతుంది. ఇలాంటి నివేదికలకు ఐటీ వాళ్లే ముద్దుగా పుచ్చకాయ అని పేరు పెట్టుకున్నారు: పైకి పచ్చ, కోస్తే ఎరుపు.

2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికా సలహాదారు, "మమ్మల్ని మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా?" అన్న ప్రశ్నొకటి చాలన్నాడు. తొమ్మిదో పదో వేస్తే అభిమాని, ఆరూ ఆ లోపు వేస్తే విమర్శకుడు. నచ్చకపోతే పక్క కొట్టుకు పోగల కస్టమరును అడగాల్సిన ప్రశ్న అది. ఐటీ వాళ్లు దాన్ని తెచ్చి ఉద్యోగి మీద పెట్టారు. సెలవు చీటీ పెట్టుకోవడానికి అతనికి రెండో సాఫ్ట్‌వేర్ ఉందా? సిఫారసు ఎవరికి చేయాలి, పక్క సీటుకా?

పోనీ, నిజంగానే విభాగాలు అడిగినట్టల్లా ఆడదామా? జర్మనీ సూపర్ మార్కెట్ల సంస్థ లిడ్ల్ ఆ ముచ్చటా తీర్చుకుంది. స్టాకు విలువను కొన్న ధర మీద కట్టడం వాళ్ల అలవాటు. తెచ్చుకున్న శాప్ సాఫ్ట్‌వేర్ అమ్మే ధర మీద కడుతుంది. అలవాటు మారదు, సాఫ్ట్‌వేరే మారాలన్నారు. ఏడేళ్ల పనికి సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక, 2018లో ప్రాజెక్టు ఆపేసి పాత సిస్టమ్‌కే తిరిగివెళ్లారు. అలవాటు ఎవరిదీ చెడనివ్వలేదు కాబట్టి, ఆ ఏడేళ్లలో ఎప్పుడు సర్వే పెట్టినా నక్షత్రాలకు కొదవ ఉండేది కాదు.