అయ్యోరి ఆవు

ముప్పై ఏళ్ళు డ్రాయింగు మాస్టారిగా బతికినవాణ్ణి. "చూసి గీయండ్రా" అని పిల్లల్ని ఎన్ని వేలసార్లు అదిలించుంటానో లెక్కలేదు. చివరికి చూడకుండా గీసింది నేనే. గీసి ఊరుకోకుండా, దాన్ని ఫైబరులో పోయించి నలుగురూ నడిచే దారిలో నిలబెట్టాను.

ఈ వెర్రి పట్టింది మా అమ్మాయి వాళ్ళ ఇంట్లో, అమెరికాలో. రిటైరయిన ఏడాది అక్కడ ఆర్నెల్లున్నాను. ఏమీ తోచక పుస్తకాలు తిరగేస్తుంటే చికాగో ఆవులు కనబడ్డాయి. 1998లో స్విట్జర్లాండులోని జూరిక్ నగరం తన వీధుల నిండా రంగులేసిన ఫైబర్ ఆవుల్ని నిలబెట్టింది. పీటర్ హానిగ్ అని చికాగోలో చెప్పుల వ్యాపారి వాటిని చూసి ముచ్చటపడ్డాడు. మరుసటేడు, 1999 వేసవికి, చికాగో వీధుల్లో మూడువందలకు పైగా ఆవులు వెలిశాయి. పాస్కల్ క్నాప్ అనే శిల్పి చేసినవి మూడే ఆకారాలు: నిలబడిందొకటి, మేస్తున్నదొకటి, పడుకున్నదొకటి. ఒంటి మీద రంగులు మాత్రం ఎవరి చేతికి తోచినట్టు వాళ్ళవి. వేసవి అయ్యాక వేలం వేస్తే ముప్పై లక్షల డాలర్లకు పైగా వచ్చి దానధర్మాలకు పోయాయట.

ఆ ఊరికి ఆవు తగింది. ఒకప్పుడు అమెరికాలోకెల్లా పెద్ద పశువుల మండీ అక్కడే ఉండేది. 1871లో ఆ నగరాన్ని కాల్చేసిన మంటలకు ఎవరిదో ఆవు లాంతరు తన్నడమే కారణమని చాలాకాలం కథ చెప్పుకున్నారు. ఇదంతా చదివాను. మరి మా ఊరి పశువు ఏదిరా అని మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇంటికి రాగానే పది ఆవుల పథకం వేశాను. నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారి పొడుగునా పది ఆవులు, ఊరి పిల్లలే రంగులేస్తారు, సముద్రానికి వచ్చే జనం ఆగి చూస్తారు. ఊళ్ళో పెద్దమనుషులకు చెబితే గంగిరెద్దుల్లా తలలూపారు. డబ్బులు మాత్రం నా పెన్షన్లోంచే. ఫైబరు పనికి మా తీరంలో కొదవా? చెక్క తెప్పల కాలం పోయి ఫైబర్ బోట్లు వచ్చాక, బోటు చిల్లిపడితే రెసినూ మ్యాటూ పెట్టి పూడ్చే చెయ్యి ప్రతి పల్లెపాలెంలోనూ దొరుకుతుంది. అలాంటి ఒక కుర్రాణ్ణి పట్టుకుని, పుస్తకంలో బొమ్మ చూపించి, మట్టితో ఆవును నేనే మలిచాను.

అతను దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వీపు మీద చెయ్యి వేసి, మెడదాకా జరిపాడు.

"మూపురం యాడబోయింది అయ్యోరా?"

"అది కళ అబ్బయ్యా, నీకు తెలియదులే" అన్నాను. నిజంగా అన్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

పది ఆవులకు సరిపోయేలా గట్టి అచ్చు చేయించాను, ఉన్న డబ్బులో సగం దానికే పోయింది. ఆవు అచ్చులోంచి బయటపడ్డ రోజున అతను మళ్ళీ చెప్పాడు: "వ్యాక్సు అంటుకోనుంటది అయ్యోరా. థిన్నరుతో తుడిచి, వాటర్ పేపరు కొట్టి, ప్రైమరేసి, అప్పుడు రంగేయండి." ఈసారి గంగిరెద్దులా తలూపింది నేను. దసరా సెలవులు, పిల్లలు కుంచెలు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఇంక తుడవడమెక్కడ! అలలు వేశాం, పులికాట్ ఫ్లెమింగోలు వేశాం, కృష్ణపట్నం ఓడలు వేశాం. వారం రోజులు నా అంతవాడు లేడు. నవంబరు వానలకు ఉల్లిపొరల్లా మొత్తం ఊడొచ్చింది. ఫ్లెమింగోకు కాళ్ళు మిగిలాయి, ఒంటిదగ్గర తెల్లటి ఫైబరు తేలింది.

అప్పుడొచ్చాడు నా పాత స్నేహితుడు, పశువుల డాక్టరుగా చేసినవాడు. బోసిగా నిలబడ్డ ఆ జంతువును చూసి నవ్వలేదు, అదే నాకు ఎక్కువ బాధ. బ్రెజిల్ దేశంలో మాంసానికి పెంచే పశువుల్లో అధికభాగం ఏ జాతో తెలుసా అని అడిగాడు. పేరు నెలోర్. మన నెల్లూరే, రెండు లకారాల్లో ఒకటి సముద్రంలో పడిపోయింది. 1868లో ఒక ఓడ బయియా రాష్ట్రపు సాల్వడార్ రేవులో ఆగినప్పుడు మన ఒంగోలు జాతి జంట ఒకటి అక్కడ దిగిందట. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక కదా అటు పోయింది! ఆ జాతి ఆవే ఒకటి, వియాటినా-19 అని, 2023లో నలభై లక్షల డాలర్ల పైచిలుకు వెలకట్టించుకుని గిన్నిస్ కెక్కింది.

"దాన్ని దూరం నుంచే గుర్తుపట్టేది దేంతోనో తెలుసా?" అన్నాడు. తెలుసు. పల్లెపాలెంలో చెప్పారు.

బోటు కుర్రాడు మాత్రం దెప్పలేదు. "మూపురమొకటి అతికించేదా అయ్యోరా, కూలి వద్దులే" అన్నాడు. పరువు అడ్డొచ్చి వద్దన్నాను. ఆ వద్దనడం కూడా నా ఖాతాలోదే. ఉత్తినే పడి ఉన్న అచ్చు బద్దలు రెండూ అడిగితే, తీసుకుపొమ్మన్నాను.

కనుమనాడు గంగిరెద్దులాయన సన్నాయి ఊదుకుంటూ ఆ దారినే వచ్చాడు. ఎద్దు ఒంటి నిండా రంగురంగుల బొంతలు, కొమ్ములకు కుచ్చులు, మూపురం మీద అద్దాల బట్ట. నేను వెలిసిపోయిన నా ఆవు పక్కన నిలబడి ఉన్నాను. ఎద్దు దానివైపు కన్నెత్తయినా చూడలేదు. నాలుగడుగులు దాటి, బోటు కుర్రాడి గుడిసె ముందు ఆగింది. అక్కడ నా ఆవు అచ్చు సగం బద్ద, వెల్లకిలా పెట్టి, నిండా కుడితి పోసి ఉంది. తల వంచి తాగడం మొదలుపెట్టింది.