తగిలితే ఫౌలేనా?

మా రోజుల్లో బాస్కెట్‌బాల్ రిఫరీ విజిల్ ఊదితే జనం నోరు మూసుకుని కూర్చునేవారని నేను చెప్పను. అరిచేవారు, తిట్టేవారు. కానీ ఆట అయ్యాక దగ్గరికొచ్చి, "అది ఫౌలెలా అయింది సార్?" అని అడిగేవారు. ఇప్పుడు అడిగేవాడు లేడు. ఫోన్లో వీడియో ఆపి, చెయ్యి తగిలిన చోట వేలు పెట్టి చూపిస్తారు. తీర్పు వాళ్లే చెప్పేస్తారు.

తగిలితే ఫౌలు అనుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో పదిమంది పరుగులు తీస్తుంటే ఒళ్లూ ఒళ్లూ తగలకుండా ఎలా ఉంటాయి? ఆ చోటు ఎవరిది, ఎవరు ముందు చేరారు, ఆ తాకిడితో ఎవరికి అన్యాయం జరిగింది? రిఫరీ చూడాల్సింది ఇదీ.

మాకు ఈ విద్య నేర్పిన పెద్దాయన పుస్తకం చదివి వినిపించి వదిలెయ్యలేదు. సిమెంటు కోర్టు మీద నన్ను నిలబెట్టి, మోచేతులు మడిచి చేతులు ముందు పెట్టమని, చాక్‌పీసుతో చుట్టూ గీత గీశారు. ముందు అరచేతుల దాకా, వెనక పిరుదుల దాకా, పక్కలకు చేతులూ కాళ్ల బయటి అంచుల దాకా. "ఈ గీత లోపలి నేల నీది, దాని పైనున్న చోటు కూడా నీదే. చేతులెత్తి నిటారుగా ఎగిరినంతసేపు ఎవడొచ్చి గుద్దుకున్నా నీ మీద ఫౌలు లేదు" అన్నారు. ఆ రోజు నేర్చుకున్నది మళ్లీ మర్చిపోలేదు.

ఈమధ్య ఒక కాలేజీ అమ్మాయిల మ్యాచ్‌లో సరిగ్గా అదే జరిగింది. బోర్డు కింద ఒక పిల్ల రెండు చేతులూ ఎత్తి ఉన్నచోటే ఎగిరింది. డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన అమ్మాయి ఆ పిల్లకు గుద్దుకుని కిందపడింది. గ్యాలరీ మొత్తం "ఫౌల్" అంటూ లేచింది. కుర్ర రిఫరీ ఆ అరుపు విన్నాకే విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. నిటారుగా ఎగిరిన పిల్లకు అది ఐదో ఫౌలు. ఇక ఆటలో లేదు. బెంచీ మీద కూర్చుని మొహం మీద టవల్ కప్పుకుంది. తర్వాత ఆ రిఫరీని అడిగితే, "బాడీ కాంటాక్ట్ ఉంది కదండీ" అన్నాడు. పడ్డవాళ్లదే న్యాయమని ఏ పుస్తకంలో రాశారు?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. డిఫెండర్ కొయ్యబొమ్మలా నిలబడితేనే, వచ్చి గుద్దినవాడి మీద ఛార్జింగ్ ఫౌలు ఇవ్వాలంటారు. తప్పు. రెండు కాళ్లూ నేల మీద ఉంచి ఎదురుగా ఒకసారి చోటు సంపాదించాక పక్కకూ వెనక్కీ కదలొచ్చు. "రీచ్ ఇన్" అని కేకలేస్తారు. చెయ్యి చాపడం ఫౌలు కాదు, చాపి కొడితే ఫౌలు. "ఓవర్ ద బ్యాక్" కూడా అంతే. పొడుగ్గా ఉన్నవాడు ముందువాడికి తగలకుండా పైనుంచి బంతి అందుకుంటే అది వాడి పొడుగు, వాడి ఎగురు.

రింగు కింద ఛార్జింగ్ ఇవ్వని 1.25 మీటర్ల అర్ధవృత్తం 2010లో వచ్చింది. దానిలో డిఫెండర్ ఏం చేసినా ఫౌలే అనుకునేవాళ్లు ఇప్పుడు ఊరికి పదిమంది. అక్కడైనా నిటారుగా ఎగిరే హక్కు ఎక్కడికీ పోలేదు.

మాకు చూడ్డానికి అమెరికా ఆట లేదు, చేతిలో ఉన్నదల్లా అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూల్ బుక్. ఇప్పటి పిల్లలు లేస్తూనే ఎన్‌బీఏ చూస్తారు. చూడనివ్వండి, గొప్ప ఆట. కానీ అక్కడ క్వార్టర్ 12 నిమిషాలు, ఆరు ఫౌళ్లకు బయటికి. మన దగ్గర 10 నిమిషాలు, ఐదు ఫౌళ్లు. ఐదో ఫౌలు పడ్డాక "ఇంకొకటుంది సార్" అని టేబుల్ దగ్గర గొడవకు దిగితే ఏం చెప్పాలి? పైగా తగలకముందే పడిపోవడం కొందరు కోచ్‌లే నేర్పుతున్నారు. నటిస్తే టెక్నికల్ ఫౌల్ వెయ్యమని రూలుంది. వేసే గుండె ఉన్నవాడేడీ?

జనానికి జవాబు చెప్పడానికి రిఫరీకి నోరక్కర్లేదు, చేతులు చాలు. చొక్కా నంబర్లు 4 నుంచి 15 దాకానే ఉన్న రోజుల్లో మేము టేబుల్ ముందు నిలబడి వేళ్లతో నంబరు, తర్వాత ఫౌలు రకం నిదానంగా చూపించేవాళ్లం. నడుం మీద రెండు చేతులు పెడితే బ్లాకింగ్, అరచేతిలో పిడికిలి గుద్దితే ఛార్జింగ్. చివరి వరసలో ఉన్నవాడికీ అర్థమయ్యేది. ఇప్పుడు కొందరు నంబరు చూపించీ చూపించకుండానే పరుగు. ఎందుకిచ్చాడో తెలియక జనం అరవరూ?

రిఫరీల క్లినిక్‌కి రిఫరీలనే పిలిస్తే లాభం లేదు, కోచ్‌లనూ కూర్చోబెట్టాలి. టోర్నమెంటు ప్రారంభం రోజు సన్మానాలకు గంట పోతోంది. అందులో ఇరవై నిమిషాలు తీసి, ఇద్దరు పిల్లల్ని బోర్డు కింద నిలబెట్టి, ఏది ఫౌలో ఏది కాదో తల్లిదండ్రుల ముందే చేసి చూపించండి. శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు.